కొలిమి చల్లారిన ఊళ్లో రాజుకున్న పాట

ఇంటర్నెట్ పుట్టించిన బ్యాండ్ అని ఆర్కిటిక్ మంకీస్‌కి పేరు. షెఫీల్డ్ వీధుల్లో తిరిగితే మాత్రం లెక్క వేరుగా కనిపిస్తుంది. మూతబడ్డ ఫ్యాక్టరీలు, చవక అద్దెలు, పబ్‌ల మేడ మీద గదులు, అర్ధరాత్రి టాక్సీల క్యూలు... ఇంగ్లండ్‌లోని ఒక ఉక్కు నగరం తన పాటగాళ్లను ఎలా తయారుచేసుకుందో చెప్పే కథనం ఇది.

షెఫీల్డ్ నడిబొడ్డున, సిటీ హాల్‌కి కూతవేటు దూరంలో ట్రిపెట్ లేన్ అని ఒక సన్నటి వీధి. ఆ వీధిలో ‘ది గ్రేప్స్’ అనే పబ్. కింద బార్, పైన ఒక గది. 2003 జూన్ 13, శుక్రవారం రాత్రి ఆ పై గదిలో నలుగురు కుర్రాళ్లు మొదటిసారి జనం ముందు నిలబడి వాయించారు. పాడిన అలెక్స్ టర్నర్‌కీ, డ్రమ్స్ మీదున్న మ్యాట్ హెల్డర్స్‌కీ, గిటార్ పట్టిన జేమీ కుక్‌కీ అప్పటికి పదిహేడేళ్లే. బ్రిటన్ చట్టం ప్రకారం ఆ పబ్‌లో ఒక్క బీరు కొనుక్కోవడానికి కూడా వాళ్లకి వయసు చాలదు. నాలుగోవాడు బేస్ గిటార్ వాయించే ఆండీ నికల్సన్. కొన్ని పాటలు సొంతం, కొన్ని ఇతరులవి. విన్నవాళ్లలో సగం మంది స్నేహితులూ తెలిసినవాళ్లే అయి ఉంటారు, తొలి ప్రదర్శనలన్నీ అంతే.

ఇంచుమించు రెండేళ్ల ఏడు నెలలకి ఆ కుర్రాళ్ల మొదటి ఆల్బమ్ బ్రిటన్‌లో ఒక్క వారంలో 3,63,735 కాపీలు అమ్ముడైంది. ఏ బ్యాండ్ తొలి ఆల్బమూ అక్కడ అంతకుముందు అంత వేగంగా అమ్ముడు కాలేదు. పత్రికలన్నీ ఒకటే మాట రాశాయి: ఇంటర్నెట్ మాయ. మైస్పేస్ అనే కొత్త సైట్ ఊరూపేరూ లేని పిల్లల్ని రాత్రికి రాత్రి తారల్ని చేసిందని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఇంటర్నెట్ అన్ని ఊళ్లకీ ఒకేసారి వచ్చింది. ఈ బ్యాండ్ షెఫీల్డ్ నుంచే ఎందుకు వచ్చిందో తెలియాలంటే కంప్యూటర్ పక్కన పెట్టి, ఆ ఊరి గదుల్లోకి వెళ్లాలి.

చిన్న గదుల పెద్ద ఊరు

లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో రైలెక్కితే ఇంచుమించు రెండు గంటల్లో షెఫీల్డ్. సౌత్ యార్క్‌షైర్‌లో, ఐదున్నర లక్షల జనాభాతో, కొండల మీద పరుచుకున్న నగరం. డాన్, షీఫ్, పోర్టర్, రివెలిన్, లాక్స్‌లీ అని ఐదు నదులు ఊరిని ఒరుసుకుంటూ పోతాయి. ఆ నీటి వేగంతోనే ఒకప్పుడు సానరాళ్లు తిరిగేవి. 14వ శతాబ్దంలో చాసర్ రాసిన కథల్లోనే షెఫీల్డ్ కత్తి ప్రస్తావన ఉంది. కత్తులు చేసేవాళ్ల సంఘం ‘కట్లర్స్ కంపెనీ’ 1624లో చట్టబద్ధంగా ఏర్పడింది. ఇప్పటికీ ఉంది.

ఊరి రాత మార్చింది గడియారాలు చేసే బెంజమిన్ హంట్స్‌మన్. స్ప్రింగులకు మంచి ఉక్కు దొరక్క విసిగిపోయిన ఆయన, 1740లలో మట్టి మూసల్లో ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతి పట్టుకున్నాడు. ఆ మూసలు చేయడమే ఒక తపస్సు. మట్టిలో చిన్న గాలి బుడగ ఉన్నా కొలిమిలో పగిలిపోతుంది, అందుకని పనివాళ్లు గంటల తరబడి ఉత్త కాళ్లతో ఆ మట్టిని తొక్కేవాళ్లు. ఉక్కు కరిగాక నేలలో ఉన్న కొలిమికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, పొడవాటి పట్టకారుతో మూసను పైకి లాగాలి. ఆ వేడికి కాళ్లు కాలకుండా తడి గోనెపట్టాలు చుట్టుకునేవాళ్లు.

తెలుగువాళ్లకి ఈ పని కొత్త కాదు. హంట్స్‌మన్‌కి ఎంతో ముందే నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు తీశారు. దాని కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లని 19వ శతాబ్దంలో బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ రాసిపెట్టాడు. ఆ ఉక్కు రహస్యం తేల్చాలని లండన్‌లో మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ కలిసి 1820ల ప్రాంతంలో ప్రయోగాలు చేశారు. ఆ ప్రయోగాల్లో తేలిన మిశ్రమ ఉక్కును పెద్దఎత్తున కరిగించడానికి వాళ్లు ఆశ్రయించింది షెఫీల్డ్‌నే.

హంట్స్‌మన్ తర్వాత ఉక్కు తయారీలో ఇంకో కొత్త పద్ధతితో హెన్రీ బెసెమర్ వచ్చాడు, 1913లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీల్ తీశాడు. పెద్ద మిల్లులు వెలిశాయి. అయినా ఊరి పనితీరు మాత్రం చిన్న గదులదే. ‘లిటిల్ మెస్టర్లు’ అని పిలిచే సొంత పనివాళ్లు పెద్ద భవనంలో ఒక గది అద్దెకి తీసుకునేవాళ్లు. ఒకడు కత్తి సాగగొట్టేవాడు, పక్క గదిలో ఇంకొకడు సానపట్టేవాడు, మెట్లెక్కితే మరొకడు పిడి బిగించేవాడు. ఎవరి గది వాళ్లది, ఎవరి పనిముట్లు వాళ్లవి, ఎవరి పేరు వాళ్లది. వస్తువు బయటికి వచ్చేసరికి నాలుగైదు గదులు దాటి వచ్చేది. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే షెఫీల్డ్ సంగీతం సగం అర్థమైనట్టే.

సుత్తుల మోతలోంచి సింథసైజర్లు

1970ల చివరికొచ్చేసరికి ఉక్కు పని తగ్గడం మొదలైంది. 1980లో దేశవ్యాప్తంగా ఉక్కు కార్మికుల సమ్మె, మూడు నెలలు సాగింది. 1984లో ఊరి పక్కనే ఆర్గ్రీవ్ దగ్గర గని కార్మికులకీ పోలీసులకీ పెద్ద ఘర్షణ. ఒకటొకటిగా మిల్లులు మూతబడ్డాయి. హ్యాడ్‌ఫీల్డ్స్ ఉక్కు కర్మాగారం నిలబడ్డ నేల మీద 1990లో మెడోహాల్ అనే భారీ షాపింగ్ మాల్ తెరిచారు. ఉద్యోగాలు పోయిన ఉక్కు కార్మికులు స్టేజీ ఎక్కి బట్టలు విప్పే కథతో 1997లో వచ్చిన ‘ది ఫుల్ మాంటీ’ సినిమా ఈ ఊరిదే. నవ్విస్తూనే గుండె పిండుతుంది.

పని పోతే గదులు ఖాళీ. ఖాళీ గదులకి అద్దె తక్కువ. అక్కడికి సంగీతం చేరింది. క్యాబరే వోల్టేర్ బృందం 1973లోనే టేప్ రికార్డర్లతో ప్రయోగాలు మొదలుపెట్టింది, తర్వాత ఒక పాత పారిశ్రామిక భవనంలో సొంత స్టూడియో పెట్టుకుంది. 1977లో పుట్టిన హ్యూమన్ లీగ్ గిటార్లు పక్కన పడేసి సింథసైజర్లతో పాటలు కట్టి, 1981 క్రిస్మస్‌కి బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానంలో కూర్చుంది. రాత్రంతా వినపడే డ్రాప్ హామర్ల మోత తమ పాటల్లోకి దిగిందని ఆ తరం కళాకారులు చెబుతారు.

ఊరి పాలకులు కూడా ఒక పని చేశారు. ఆ రోజుల్లో సౌత్ యార్క్‌షైర్ కౌన్సిల్ బస్సు చార్జీలు ఏళ్ల తరబడి పెంచలేదు. పిల్లలకి టికెట్ 2 పెన్నీలు. శివార్ల పిల్లలు రాత్రిపూట పట్నంలో పాట విని తిరిగి ఇల్లు చేరడానికి అడ్డంకి లేదు. 1986లో ఆ చార్జీలు పోయాయి. నగర కౌన్సిల్ రెడ్ టేప్ స్టూడియోస్ పేరుతో రిహార్సల్, రికార్డింగ్ గదులు తానే తెరిచింది. 1980లో పాత పిండిమిల్లులో ‘లెడ్‌మిల్’ వేదిక మొదలైంది. జార్విస్ కాకర్ 1978లో స్కూల్లో మొదలెట్టిన పల్ప్ బ్యాండ్ పదిహేనేళ్లకి పైగా ఇలాంటి గదుల్లోనే నలిగి, 1995లో దేశమంతా పాడుకునే పాట చేసింది. 1989లో ఇక్కడే పుట్టిన వార్ప్ రికార్డ్స్ ఎలక్ట్రానిక్ సంగీతంలో ప్రపంచం చెప్పుకునే పేరు అయింది.

కాబట్టి 2003లో గ్రేప్స్ పబ్ మెట్లెక్కిన నలుగురూ శూన్యంలోంచి ఊడిపడలేదు. వాళ్లకి ముందు ముప్ఫై ఏళ్ల వరస ఉంది.

క్రిస్మస్ గిటార్లు

ఊరికి ఉత్తరాన, నగరం అయిపోయి పచ్చిక మొదలయ్యే చోట హై గ్రీన్ అనే శివారు. అలెక్స్, మ్యాట్, జేమీ అక్కడి ఇరుగుపొరుగు పిల్లలు. అలెక్స్ తల్లిదండ్రులిద్దరూ టీచర్లు: అమ్మ జర్మన్ చెబుతుంది, నాన్న ఫిజిక్సూ సంగీతమూ. 2001 క్రిస్మస్‌కి అలెక్స్‌కీ జేమీకీ చెరో గిటారు వచ్చింది. బ్యాండ్ కట్టేసరికి మ్యాట్‌కి మిగిలింది డ్రమ్స్, అదే తీసుకున్నాడు. 2002లో బ్యాండ్ అయింది. పేరు పెట్టింది జేమీ.

అలెక్స్, మ్యాట్, ఆండీ చదివింది స్టాక్స్‌బ్రిడ్జ్ హైస్కూల్లో. ఆ స్టాక్స్‌బ్రిడ్జ్ కూడా ఉక్కు ఊరే. 1842లో శామ్యూల్ ఫాక్స్ పెట్టిన కర్మాగారం, మొదట్లో గొడుగుల ఊచలకు ప్రసిద్ధి. కాలం ఎలా తిరుగుతుందో చూడండి: 2007లో దాని యజమాని కోరస్ కంపెనీని మన టాటా స్టీల్ కొన్నప్పుడు ఆ కర్మాగారం టాటాల చేతికొచ్చింది, 2017 దాకా వాళ్లదే.

గిటార్ బ్యాండ్ అయినా వీళ్లు పెరిగింది ర్యాప్ వింటూ. ఆ అలవాటు పాటల్లో తేటగా తెలుస్తుంది. అలెక్స్ వాక్యాలు పొడవు, మాటలు కిక్కిరిసి ఉంటాయి, ప్రాస వాక్యం చివరే కాదు మధ్యలో కూడా పడుతుంది. మ్యాట్ డ్రమ్స్ ఆ మాటల్ని తరుముతాయి. అన్నిటికీ మించి, అచ్చమైన షెఫీల్డ్ యాసలో పాడాడు. బ్రిటిష్ గాయకులు పాటందుకోగానే అమెరికా గొంతు తెచ్చుకోవడం మామూలే. ఈ కుర్రాడు బస్టాపులో మాట్లాడినట్టే మైకు ముందూ పాడాడు. కాలిఫోర్నియా గొప్పలు పోయే స్థానిక బ్యాండ్లని వెక్కిరిస్తూ ఒక పాట కూడా రాశాడు. అందులో షెఫీల్డ్‌లోని హంటర్స్ బార్ కూడలి పేరు వస్తుంది.

రిహార్సల్స్ మొదట గ్యారేజీలో. తర్వాత నీప్‌సెండ్‌లోని ఎల్లో ఆర్చ్ స్టూడియోస్‌లో. నీప్‌సెండ్ అంటే డాన్ నది ఒడ్డున పాత ఫ్యాక్టరీల పేట. ఎల్లో ఆర్చ్ కూడా ఒకప్పటి ఫ్యాక్టరీయే. పగలు వర్క్‌షాపులు, చీకటి పడితే నిర్మానుష్యం, వీధి మలుపుల్లో వ్యభిచారం. రిహార్సల్‌కి వస్తూ పోతూ చూసిన ఆ దృశ్యమే తర్వాత వాళ్ల రెండో నంబర్ వన్ పాట అయింది.

అలెక్స్ పని చేసింది స్నిగ్ హిల్‌లోని ‘బోర్డ్‌వాక్’ అనే వేదికలో, బార్ కౌంటర్ వెనక. ఆ చోటుకి పాత పేరు బ్లాక్ స్వాన్. 1976 జూలై 4న క్లాష్ బ్యాండ్ తన జీవితంలో మొదటి ప్రదర్శన ఇచ్చింది అక్కడే, సెక్స్ పిస్టల్స్‌కి ముందు. అదే గదిలో గ్లాసులు నింపుతూ అలెక్స్, శాల్ఫర్డ్ పంక్ కవి జాన్ కూపర్ క్లార్క్ మాటల తూటాలు పేల్చడం విన్నాడు. ఆ ప్రభావం ఎంత లోతుగా దిగిందంటే, పదేళ్ల తర్వాత క్లార్క్ కవిత ఒకదాన్ని తన ఆల్బమ్‌లో చివరి పాటగా చేసుకున్నాడు.

చేతికిచ్చిన సీడీ

ఇప్పుడు ఆ ‘ఇంటర్నెట్ మాయ’ సంగతి చూద్దాం. షెఫీల్డ్‌లో 2ఫ్లై అనే చిన్న స్టూడియోలో అలన్ స్మిత్ దగ్గర వీళ్లు డెమోలు రికార్డ్ చేసుకున్నారు. ఆయనే జెఫ్ బారడేల్‌ని పరిచయం చేశాడు. బారడేల్ మేనేజర్ అయ్యాడు, డెమోలకి డబ్బు పెట్టాడు, ఉత్తర ఇంగ్లండ్ ఊళ్లన్నీ తిప్పాడు. డెమోలను ఇంట్లో కంప్యూటర్ మీద ఖాళీ సీడీల్లోకి ఎక్కించి, ప్రదర్శన అయ్యాక వచ్చినవాళ్లకి ఉచితంగా పంచారు. ఎన్ని చేసినా చాలేవి కావు. దొరికినవాళ్లు దొరకనివాళ్లకి కాపీ చేసిచ్చారు. ఆ తర్వాత ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ పాటల కట్టకి అభిమానులే ‘బినీత్ ద బోర్డ్‌వాక్’ అని పేరు పెట్టారు, సీడీ చేతికందిన వేదిక పేరు మీద. మైస్పేస్ పేజీ కూడా అభిమానులు తెరిచిందే. ఆ సైట్ ఏమిటో తమకి మొదట తెలియనే తెలియదని బ్యాండ్ వాళ్లు చెప్పారు.

అంటే జరిగింది ఇది: పాట ముందు గదిలో మోగింది, తర్వాత చేతులు మారింది, ఆ పైన తీగలెక్కింది. ఇంటర్నెట్ దాన్ని దూరం తీసుకెళ్లిందే గానీ పుట్టించలేదు. రికార్డు కంపెనీలకి తెలిసేలోపే ఊరూరా కుర్రాళ్లు ఆ పాటల్ని నోటికి నేర్చేసుకున్నారు. విడుదల కాని పాటకి హాలంతా గొంతు కలపడం చూసి కంపెనీల మనుషులు నోరెళ్లబెట్టారు.

2005 మేలో సొంత లేబుల్ ‘బ్యాంగ్ బ్యాంగ్’ మీద కొద్ది కాపీలతో మొదటి రికార్డు వేశారు. పెద్ద కంపెనీలు వెంటపడ్డాయి. జూన్‌లో వాళ్లు సంతకం పెట్టింది డొమినో అనే స్వతంత్ర సంస్థకి. లారెన్స్ బెల్ 1993లో తన ఇంట్లో మొదలుపెట్టిన లేబుల్ అది. అంతకు ముందు ఏడాదే ఫ్రాంజ్ ఫెర్డినాండ్ బ్యాండ్‌తో విజయం చూసింది. ఇండీ రాక్ అనే పేరు వచ్చిందే ఇలాంటి స్వతంత్ర లేబుళ్ల వల్ల: హంగు తక్కువ, పాట మీద పెత్తనం బ్యాండ్‌దే. షెఫీల్డ్ మెస్టర్లు ఇచ్చగించే బేరమే అది.

ఆగస్టులో రీడింగ్, లీడ్స్ ఉత్సవాల్లో వీళ్లకిచ్చింది చిన్న వేదిక. టెంట్ పట్టనంత జనం వచ్చారు. అక్టోబరులో లండన్ ఆస్టోరియా హాలు టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. 2005 అక్టోబర్ 17న డొమినో తరఫున మొదటి సింగిల్ వచ్చింది, డ్యాన్స్ ఫ్లోర్ మీద కన్నుగీటే అమ్మాయి మీద. రాబీ విలియమ్స్, షుగాబేబ్స్ లాంటి పెద్ద పేర్లను వెనక్కి నెట్టి నేరుగా మొదటి స్థానంలోకి దూకింది.

శనివారం రాత్రి కథలు

ఆల్బమ్‌ని లింకన్‌షైర్ పల్లెలోని చాపెల్ స్టూడియోస్‌లో నిర్మాత జిమ్ అబిస్‌తో చాలావరకు కలిసి వాయిస్తూ రికార్డ్ చేశారు. పాటలు ముందే లీకవుతున్నాయని విడుదల ఒక వారం ముందుకి జరిపారు: 2006 జనవరి 23. ‘వాట్ఎవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్’ అనే ఆ బారెడు పేరు అలన్ సిలిటో 1958లో రాసిన ‘సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్’ నవల నుంచి తీసుకున్నది. వారమంతా నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ దగ్గర చాకిరీ చేసి, శనివారం రాత్రి తాగి చెలరేగే కుర్రాడి కథ అది. యాభై ఏళ్లకి షెఫీల్డ్ కుర్రాళ్లకి ఫ్యాక్టరీ లేదు, శనివారం రాత్రి మాత్రం మిగిలింది.

ఆల్బమ్ మొత్తం దాదాపు ఒక్క రాత్రి చుట్టూ తిరుగుతుంది. సాయంత్రం తయారవడం, క్లబ్ గుమ్మంలో బౌన్సర్ ఎగాదిగా చూసి ఆపేయడం, చెమట పట్టిన డ్యాన్స్ ఫ్లోర్, చొరవ చాలక వదులుకున్న అమ్మాయి, అలిగిన ప్రియురాలు, వీధి చివర పోలీసు వ్యాను. ఒక పాట పూర్తిగా టాక్సీలోనే జరుగుతుంది. తాగిన స్నేహితులు వెనక సీట్లో ఇరుక్కుంటారు, మనిషి ఎక్కువయ్యాడని డ్రైవర్ గొణుగుతాడు, క్యూలో జరిగిన గొడవ నెమరేసుకుంటారు, తలుపుల లాక్ ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది. ఆ బండి పోవాల్సింది హై గ్రీన్‌కే, హిల్స్‌బరో మీదుగా. మ్యాపు తీసి చూస్తే దారి సరిగ్గా అదే. లండన్ కుర్రాడికి హిల్స్‌బరో ఎక్కడుందో తెలియకపోవచ్చు, కానీ ఆ టాక్సీ తెలుసు. సొంత వీధిని ఎంత కచ్చితంగా చెబితే పాట అంత దూరం పోతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అట్ట మీద బొమ్మ కూడా ఆ రాత్రిదే అనిపిస్తుంది. వాళ్ల స్నేహితుడొకడు తెల్లారుజామున సిగరెట్ పీలుస్తూ మత్తుగా చూస్తున్న ఫొటో. పొగతాగడాన్ని గొప్పగా చూపారని స్కాట్లాండ్ ఆరోగ్య శాఖ వాళ్ల నుంచి విమర్శ కూడా వచ్చింది.

అమ్మకాల లెక్క సరే. అంతకు ముందు ఆ రికార్డు టీవీ పోటీలోంచి పుట్టిన హియర్‌సే అనే పాప్ గ్రూపుది, 2001లో 3,06,631 కాపీలు. 2007లో ఇంకో టీవీ పోటీ గాయని లియోనా లూయిస్ ఆల్బమ్ మంకీస్ రికార్డును దాటింది. ఆ రెండు టీవీ విజయాల నడుమ, పబ్ మేడ మీది గదిలోంచి వచ్చిన పాట నిలబడింది.

2006 సెప్టెంబరులో ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ వాళ్లకే వచ్చింది. పోటీలో ఉన్నవాళ్లలో షెఫీల్డ్ పెద్దాయన రిచర్డ్ హాలీ ఒకడు. ఆయన ఆల్బమ్ పేరు ‘కోల్స్ కార్నర్’, ఊళ్లో ఒకప్పుడు ప్రేమికులు కలుసుకున్న డిపార్ట్‌మెంట్ స్టోర్ మూల మీద పెట్టుకున్నది. బహుమతి అందుకున్న అలెక్స్ స్టేజీ మీద అన్న మొదటి మాట, ఎవరైనా పోలీసులకి ఫోన్ చేయండి, రిచర్డ్ హాలీని దోచేశారు అని. ఒక ఊరి నుంచి ఇద్దరు, ఇద్దరి ఆల్బమ్‌లలోనూ ఊరి మూలలే.

ఊరు దాటాక

ఎదుగుదలకి ఖరీదు వెంటనే పడింది. 2006 వేసవిలో, అమెరికా పర్యటనకి ముందు, అలసిపోయానని ఆండీ నికల్సన్ ఆగిపోయాడు. తర్వాత బ్యాండ్ నుంచే తప్పుకున్నాడు. అతని స్థానంలోకి వచ్చిన నిక్ ఓమాలీ కూడా హై గ్రీన్ వాడే. 2007 ఏప్రిల్‌లో రెండో ఆల్బమ్, జూన్‌లో గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ప్రధాన ప్రదర్శన. మొదటి సింగిల్ వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. 2013లో, 2023లో కూడా ఆ వేదిక మీద ఆఖరి వంతు వాళ్లదే.

ఆ తర్వాత దారి మళ్లింది. 2009 ‘హంబగ్’ కోసం అమెరికన్ గిటారిస్ట్ జాష్ హోమీతో ఎడారిలో రికార్డింగ్. 2013 ‘ఏఎం’లో వేగం తగ్గి, హిప్ హాప్ బీటు మీద బరువైన గిటారు కూర్చుంది. అమెరికా కూడా తలొగ్గింది. 2018 ఆల్బమ్‌లో గిటారు పక్కకి పోయి పియానో వచ్చింది, కథ చంద్రుడి మీది హోటల్‌కి చేరింది. పాత అభిమానులు కొందరు పెదవి విరిచారు. అయినా మొదటి ఆరు ఆల్బమ్‌లూ బ్రిటన్‌లో మొదటి స్థానమే. 2022లో ఏడోది మాత్రం టేలర్ స్విఫ్ట్ పక్కన రెండో స్థానంతో సరిపెట్టుకుంది.

2012 జూలై 27న లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ప్రపంచమంతా చూస్తుండగా వాయించింది తొలి సింగిల్‌నే, ఆ వెంటే ఒక బీటిల్స్ పాట. 2023 జూన్‌లో సొంతూరు వచ్చి రెండు రాత్రులు హిల్స్‌బరో పార్కులో వాయించారు, టాక్సీ పాటలో వచ్చే అదే హిల్స్‌బరో. 1989 ఏప్రిల్‌లో అక్కడి ఫుట్‌బాల్ స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మంది ప్రాణాలు తీసింది. ఆ పేరు వినగానే బ్రిటన్‌కి గుర్తొచ్చేది ఆ విషాదం. ఊరివాళ్లకి మాత్రం అది రోజూ తిరిగే పేట కూడా.

షెఫీల్డ్ వెళ్తే...

షెఫీల్డ్ విశ్వవిద్యాలయం, షెఫీల్డ్ హాలమ్‌లలో చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లని చూడటానికి వెళ్లే అమ్మానాన్నలకి రెండు రోజుల తీరిక ఉంటే:

కెల్హమ్ ఐలాండ్ మ్యూజియం: 1905లో చేసిన 12,000 హార్స్‌పవర్ రివర్ డాన్ ఆవిరి యంత్రం ఇక్కడ ఉంది. అది కదిలితే నేల అదురుతుంది.

అబీడేల్ ఇండస్ట్రియల్ హామ్లెట్: హంట్స్‌మన్ తరహా మూసల కొలిమి చెక్కుచెదరకుండా మిగిలిన చోటు.

క్రూసిబుల్ థియేటర్: పేరు ఆ మూసలదే. 1977 నుంచి ప్రపంచ స్నూకర్ పోటీలు ఏటా ఇక్కడే.

సూపర్‌ట్రామ్: హిల్స్‌బరో దాకా ట్రామ్‌లో పోవచ్చు. హై గ్రీన్‌కి మాత్రం బస్సే.

గదులు మిగులుతాయా?

బోర్డ్‌వాక్ 2010లో మూతబడింది. నీప్‌సెండ్, దాని పక్కన కెల్హమ్ ఐలాండ్ ఇప్పుడు కొత్త ఫ్లాట్లు, కాఫీ షాపులు, బీరు తయారీ కేంద్రాలతో కళకళలాడుతున్నాయి. చీకటి వీధుల మీద పాట రాసిన చోట ఇప్పుడు అద్దెలు పైకి పాకుతున్నాయి. లెడ్‌మిల్ నిర్వాహకులకి 2022లో భవన యజమానులు ఖాళీ చేయమని నోటీసిచ్చారు. కోర్టుల్లో పోరాడి ఓడిపోయి 2025లో ఆ వేదిక పాత రూపం ముగిసింది.

ఈ నష్టం విలువ తెలిసినవాళ్లలో ఆర్కిటిక్ మంకీస్ కూడా ఉన్నారు. 2020లో కోవిడ్ వల్ల వేదికలన్నీ తాళాలు వేసుకున్నప్పుడు, 2005 రీడింగ్ ఉత్సవంలో అలెక్స్ వాయించిన నల్లటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారును లాటరీకి పెట్టారు. లెడ్‌మిల్‌కీ ఇతర చిన్న వేదికలకీ కలిపి లక్ష పౌండ్లకి పైగా పోగైంది. పెద్ద స్టేడియం ప్రదర్శనల టికెట్ల మీద కొంత తీసి చిన్న వేదికలకివ్వాలని 2024లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ సిఫార్సు చేసింది. ప్రభుత్వం సరేనంది గానీ దాన్ని కంపెనీల ఇష్టానికే వదిలింది. ఇష్టం మీద నడిచే సాయం ఎంత దూరం పోతుందో మనకి తెలియంది కాదు.

షెఫీల్డ్ దగ్గర ఇంకో దారి ఉంది, ఉక్కు కాలం నాటిదే. బ్రామల్ లేన్ ఫుట్‌బాల్ మైదానం దగ్గర పోర్ట్‌లాండ్ వర్క్స్ అనే 1870ల నాటి కట్టడం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తులూ చెంచాలూ మొట్టమొదట తయారైన చోటు. ఇప్పటికీ ఒక గదిలో కత్తులు చేస్తారు, ఒక గదిలో చెక్కపని, ఒక గదిలో బొమ్మలు వేస్తారు, ఇంకో గదిలో బ్యాండ్ రిహార్సల్. దాన్ని ఫ్లాట్లుగా మార్చాలనే ప్రతిపాదన వచ్చినప్పుడు అద్దెకున్నవాళ్లూ చుట్టుపక్కలవాళ్లూ తిరగబడ్డారు. వందల మంది చిన్న చిన్న వాటాలు కొని, 2013లో భవనాన్నే కొనేశారు. ఎంత పెట్టినా ఒక్కొక్కరికీ ఒకే ఓటు.

లెడ్‌మిల్‌ని ముంచింది పాటల కొరత కాదు. స్థలం ఎవరిదన్న ఒక్క ప్రశ్న ఆ ఊరి సంగీతాన్ని దెబ్బతీసింది. పోర్ట్‌లాండ్ వర్క్స్‌లో దానికి జవాబు దొరికింది: అక్కడ భవనం వాటాదారులదే, కాబట్టి గది అద్దె మీద మాట కూడా వాళ్లదే. పదిహేడేళ్ల పిల్లలు నలుగురు డబ్బులు పోగుచేసుకుని కట్టగలిగేలా ఆ అద్దె ఉన్నంతకాలం షెఫీల్డ్‌కి బ్యాండ్ల కొరత రాదు.